రాష్ట్రం గడి దగ్గర

మా సాఫ్ట్‌వేర్‌కు యజమాని లేడు. చిన్న చిన్న దవాఖానల్లో రోగుల వివరాలు దాచుకోవడానికి దేశదేశాల వాళ్ళు తలా ఒక చెయ్యి వేసి రాస్తున్నది అది. రాసినవాళ్ళకు జీతం లేదు, వాడుకునేవాళ్ళకు ఖర్చు లేదు. ఒకటే కట్టుబాటు: ఎవరు రాసిన కోడ్‌ను వాళ్ళే లోపలికి చేర్చుకోకూడదు. ఇంకొకరు చదివి ఓకే అనాలి.

తెలుగు దవాఖానల పని చూసేది మేమిద్దరమే. నేను రాస్తే ప్రొద్దుటూరు మధుసూదన్ ఓకే అనాలి. అతను రాస్తే నార్సింగి ఎల్లేశం, అంటే నేను, ఓకే అనాలి. మామూలు రోజుల్లో ఇది మంచి ఏర్పాటే. సకల జనుల సమ్మె రోజుల్లో మాత్రం కాదు.

ఇద్దరం మాదాపూర్‌లో ఒకే కంపెనీలో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. మధు నాకు సీనియర్, అన్నా అని పిలిచేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నాకు కోడ్ నీటుగా రాయడం నేర్పింది అతనే. అది ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది ఒక్కటే, రాష్ట్రం విడిపోకూడదనే అతని మాట. అది అతనికీ తెలుసు.

శేరిలింగంపల్లిలో ఒక ట్రస్టు దవాఖాన ఉంది. మా అమ్మ కిష్టమ్మ షుగర్ మందులకు అక్కడికే పోతుంది. అక్కడ చీటీలు ఎప్పుడూ పోతాయి. పోయినప్పుడల్లా పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి. డాక్టర్ పుణ్యవతి గారికి మా సాఫ్ట్‌వేర్ గురించి చెప్పి ఒప్పించాను. ట్రస్టు వాళ్ళు రెండు కంప్యూటర్లు ఇచ్చారు. సోమవారం ట్రస్టు అధ్యక్షులు సీతారామయ్య గారు వచ్చి చూస్తారు. ఆ రోజుకు నడిస్తే సరి. లేదంటే కంప్యూటర్లు ఇంకో శాఖకు పోతాయి, ఇక్కడ మళ్ళీ చీటీలే.

"నేను మీ మాట నమ్మి వాళ్ళకు మాట ఇచ్చానండీ. నా పరువు తీయకండి," అన్నారు డాక్టరమ్మ.

మిగిలిన పని చిరునామాల జాబితా ఒక్కటే. ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం. శ్రద్ధగా రాశాను. పది జిల్లాలూ పెట్టాను. రాష్ట్రం దగ్గర తెలంగాణ అని పెట్టి రివ్యూకు పంపాను.

మధు వెంటనే తిప్పి పంపాడు. "ఇట్లాంటి రాష్ట్రం పటంలో లేదు. తీసేసి పంపగలరు."

"రాబోతోంది. ముందుచూపుతో రాశాను."

"సాఫ్ట్‌వేర్‌లో జోస్యం పనికిరాదు."

అతను ఆంధ్రప్రదేశ్ అని మార్చి పంపాడు. నేను తిప్పి పంపాను. పక్కపక్కనే కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ప్రపంచమంతా చదివే చోట ఇలా రాసుకున్నాం. పెద్దమనుషుల ఒప్పందం నుంచి కృష్ణా నీళ్ళ దాకా అన్నీ వచ్చాయి. ప్రాజెక్టు పెద్ద అచియెంగ్ కెన్యాలో ఉంటుంది. ఆమె మధ్యలో వచ్చి వినయంగా అడిగింది: "నీటి పంపకం అంటున్నారు. ఇది చిరునామాలకు సంబంధించినదేనా?"

ఇద్దరం మళ్ళీ కృష్ణా నీళ్ళ దగ్గరికే పోయాం.

శనివారం డాక్టరమ్మ ఇద్దరినీ దవాఖానకు రమ్మన్నారు. బస్సుల్లేవు. మధు బైకు తెచ్చి మా సందు చివర ఆపాడు.

"ఎక్కబ్బా. నీకోసం కాదు, దవాఖాన కోసం వచ్చినా."

"నేను గూడ దవాఖాన కోసమే ఎక్కుతున్న," అన్నాను.

లింగంపల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం వండుతున్నారు. గులాబీ కండువా కప్పుకున్న ఒకాయన బైకు ముందుకు వచ్చాడు.

"ఎటు వోతున్రు? బంద్ అని తెల్వదా?"

"దవాఖాన పనే అన్నా," అన్నాను.

ఆయన మధును చూశాడు. "ఈయనేంది, మాట్లాడ్తలేడు? ఏ ఊరు?"

మధు నోరు తెరిస్తే ఊరు బయటపడుతుంది. "మావోడే అన్నా, గొంతు నొప్పి," అన్నాను.

"గొంతు నొప్పా? అయితే వేడి వేడి పప్పుచారు తాగి పోవాలె. కూసోండ్రి."

కూర్చోక తప్పలేదు. మధు విస్తరి ముందు మూగవాడిలా కూర్చుని రెండుసార్లు వడ్డించుకున్నాడు. బైకు కదిలాక గానీ నోరు విప్పలేదు.

"మావోడే అన్యావే?"

"గప్పుడు అవసరం పడ్డది."

"పప్పుచారు బాగుండాది. అయినా ఓకే చెప్పను."

దవాఖానలో డాక్టరమ్మ మమ్మల్ని చెరో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. "చూడండీ, నాకు ఏ రాష్ట్రమైనా ఒకటే షుగరు, ఒకటే బీపీ. మీరిద్దరూ తేల్చుకునే దాకా ఇంటికి పంపను," అని గది తలుపు దగ్గరికి వేసి పోయారు.

మెయిల్ తెరిస్తే అచియెంగ్ రాసిన ఉత్తరం. "మా దేశంలో ప్రావిన్సులు పోయి కౌంటీలు వస్తున్నాయి. నాకు మీ బాధ కొంచెం తెలుసు. కానీ ఊళ్ళ పేర్లూ రాష్ట్రాల పేర్లూ మేము ప్రోగ్రాంలో రాయం. గడి మాత్రం ఇస్తాం, దవాఖాన వాళ్ళు నింపుకుంటారు. మీరు ప్రోగ్రాంలోనే ఎందుకు రాశారు?"

అది మొదటి వారంలో నేర్చుకునే సంగతి. నాకు నేర్పినవాడు మధు. పోట్లాటలో పడి ఇద్దరం మరిచిపోయాం.

"నువ్వే మొదలుపెట్టినావు," అన్నాడు మధు.

"నువ్వు మార్చి పంపినప్పుడన్న యాదికి రావాలె గద అన్నా!"

మధు పేర్లన్నీ తీసేసి ఖాళీ గడులు పెట్టాడు. నేను చదివాను. రాష్ట్రం గడి ఖాళీగా ఉంటే ఎవరూ నింపరేమో అనిపించింది. "దీన్ని తప్పనిసరి చెయ్యి. నింపకుంటే ముందుకు పోవద్దు. గట్లయితేనే ఓకే."

మధు ఎందుకో వాదించలేదు. సంతోషంగా చేశాడు. నేనూ సంతోషంగా ఓకే అన్నాను. దవాఖాన వాళ్ళు తెలంగాణ అనే నింపుతారని నా ధీమా. ఆంధ్రప్రదేశ్ అనే నింపుతారని అతని ధీమా. తిరుగు దారిలో ఇద్దరం నవ్వుకుంటూ వచ్చాం. ఎవరి నవ్వు వారిది.

సోమవారం పొద్దున వరుస గేటు దాకా ఉంది. సీతారామయ్య గారు చేతికర్ర పట్టుకుని కంప్యూటర్ వెనుక కుర్చీలో కూర్చున్నారు. మొదటి పేషంటు మా అమ్మ. డాక్టరమ్మ స్వయంగా టైపు చేశారు. పేరు, వయసు, ఊరు, మండలం, జిల్లా. రాష్ట్రం దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఏం రాయమంటారండీ?"

"తెలంగాణ," అన్నాను నేను. "ఆంధ్రప్రదేశ్," అన్నాడు మధు.

"నేను గవర్నమెంటును కాదండీ బాబూ!" అని ఆమె చేతులు తీసేశారు.

వరుసలో పెంటయ్య అనే పెద్దాయన వెనక నుంచి అరిచాడు. "గందుల అడిగేదేంది? తెలంగాణ అని రాయమ్మా!"

"యాడుంది తెలంగాణ? వచ్చినాక రాసుకోండి," అన్నాడు మేస్త్రీ పుల్లయ్య. కడప నుంచి వచ్చి మదీనాగూడలో అపార్ట్‌మెంట్లు కడుతున్నాడు.

ఇక వరుస వరుసగా లేదు, రెండు గుంపులైంది. దగ్గేవాళ్ళు దగ్గు మరిచి వాదిస్తున్నారు. ఖాళీగా వదిలి ముందుకు పోదామంటే ప్రోగ్రాం పోనివ్వదు.

"ఇంతేనా అండీ మీ సాఫ్ట్‌వేరు?" అన్నారు సీతారామయ్య గారు. "చీటీలే నయం. అవి నోరెత్తవు."

డాక్టరమ్మ నా వైపు చూశారు. ఆ చూపు చాలు. అమ్మ ఇంకా కుర్చీలోనే ఉంది. "ఏమయింది బిడ్డా? నాదేమన్న తప్పా?"

"నీది కాదమ్మా," అన్నాను.

రెండో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మార్చాల్సింది కోడ్‌లో ఒక్క వరుస: రాష్ట్రం తప్పనిసరి కాదు. రాసి పంపాను. రాసింది నేను కాబట్టి చేర్చే అధికారం నాకు లేదు. మధు వైపు తిరిగాను.

"అన్నా, జర చూడు."

మధు ఒక్క వరుసను ఒక గ్రంథం చదివినంత తీరుబడిగా చదివాడు. తర్వాత వ్యాఖ్య రాశాడు: "రాష్ట్రం లేకపోయినా పని ఆగదని ఎల్లేశం గారే ఒప్పుకున్నారు. ఓకే."

నేను కింద రాశాను: "తప్పనిసరి కాదన్నాను. రాదనలేదు."

మధు పకపకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నా ముఖం చూసి నవ్వడం అదే. "సరేలే, దాన్ని అట్లే ఉండనీ," అని మీట నొక్కాడు.

అమ్మ పేరు చేరింది. వరుస కదిలింది. ఖాళీగా వదలడం ఇష్టం లేనివాళ్ళు నింపించుకున్నారు. పెంటయ్య వంతు వచ్చేసరికి కీబోర్డు ముందు మధు ఉన్నాడు. పుల్లయ్య వంతుకు నేను దొరికాను. ఇద్దరం పళ్ళు బిగించుకుని ఎవరు చెప్పింది వాళ్ళకు టైపు చేశాం. ప్రోగ్రాం రెండింటినీ కిక్కురుమనకుండా తీసుకుంది.

సీతారామయ్య గారు కాసేపు చూసి, చేతికర్ర ఆనించుకుని లేచారు. కంప్యూటర్లు పోయినట్టే అనుకున్నాను. ఆయన వచ్చి వరుస చివర నిలబడ్డారు. వంతు రాగానే కూర్చుని, పేరూ ఊరూ చెప్పారు.

"రాష్ట్రం ఏమి రాయమంటారు సార్?" అడిగాడు మధు.

ఆయన మధును చూశారు, నన్ను చూశారు, వెనక వరుసను చూశారు. చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నారు.

"అది నెమ్మదిగా చెబుతానండీ. ముందు బీపీ చూడమనండి."