పుస్తకంలో లేని షిబేషి

గులెలె పేటలో ఎవరింట ప్రాణం పోయినా, తెల్లారేసరికి ఆ కబురు మోసుకొచ్చేది షిబేషి బూర. మూడుసార్లు ఊది, పోయినవాళ్ల పేరు చెప్పి, ఇదిర్ సంఘం వాళ్లంతా రండని కేకేస్తాడు. ఆ కేకతో డేరా, బల్లలు, కప్పులతో సహా పేటంతా ఆ ఇంటికి కదిలిపోతుంది. చక్రవర్తిగారి అడిస్ అబాబాలో ఆఫీసులకేం తక్కువ లేదు. అయినా జనానికి గురి కుదిరింది తాము పెట్టుకున్న ఈ చావుల సంఘం మీదే. ఆఫీసులు వచ్చి పాడె మొయ్యవు కదా.

బుధవారం తెల్లవారుజామున షిబేషి భార్య అస్కాలె నిద్రలోనే పోయింది. ఆమె మీద దుప్పటి సరిగ్గా కప్పి, అతను సంఘం పెద్ద ఉబిషెట్ ఇంటికి నడిచాడు.

ఉబిషెట్ చెడ్డవాడు కాడు. కాకపోతే సంఘం పుస్తకాన్ని బైబిలు పక్కనే పెట్టుకునే రకం. కబురు విని కళ్లు తుడుచుకున్నాడు, పుస్తకం తెరిచి పేర్ల మీద వేలు జరిపాడు. మళ్లీ మొదటి నుంచి జరిపాడు.

"షిబేషీ, నీ పేరు లేదయ్యా."

"ఎలా ఉంటుందండీ. నువ్వు బూర ఊదు, నీకు చందా వద్దులే అని మీరేగా అన్నారు."

"చందా లేకపోతే సభ్యుడివి కానట్టే మరి. ముప్పై ఏళ్లలో ఒక్కడికీ తట్టలేదు చూడు. సభ్యుడు కానివాడి ఇంటికి డేరా కదపకూడదని రాయించింది నేనే. సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి అడుగుతాను."

"మధ్యాహ్నానికల్లా మట్టి చెయ్యాలి కదండీ."

ఉబిషెట్ పుస్తకంలో ఆ నియమం రాసిన చోట వేలు పెట్టి చూపించాడు.

షిబేషికి కోపం రాలేదు, సిగ్గేసింది. ఏ ఇంట చావైనా పొయ్యి ముందు కూర్చుని, వచ్చినవాళ్లకి పెట్టే నిఫ్రో గింజలు ఉడికించేది అస్కాలె. అలాంటి మనిషిని దిక్కులేనిదానిలా నలుగురు కూలివాళ్లు మోసుకుపోతారు.

ఇంటికెళ్లి బూర తీసుకుని వీధిలోకి వచ్చాడు. సంఘం పెద్ద చెప్పకుండా ఊదడం అతని జన్మలో అదే మొదలు. మూడుసార్లు ఊదాడు. "షిబేషి ఇంట్లో" అని, పోయినవాళ్ల పేరు చెప్పకుండానే బూర దించేశాడు.

సంఘం సామాన్ల కొట్టు చూసే ములాత్వా తలుపు తీసింది. "ఏ షిబేషి?"

"నేనేనమ్మా. మా అస్కాలె పోయింది. డేరా రాదు. మీకు తెలియాలని చెబుతున్నానంతే."

ఆమె గుండెలు బాదుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లొత్తుకుంటూ, "డేరా రాదని ఎవడు కూశాడు?" అంది.

"పుస్తకంలో నా పేరు లేదట."

"కొట్టు తాళంచెవి పుస్తకంలో ఉందా, నా బొడ్లో ఉందా? పద ముందు."

పొద్దెక్కేసరికి షిబేషి గుమ్మం ముందు డేరా లేచింది. ఉబిషెట్ కూడా వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా ఒక మూల తాడు పట్టుకుని మేకుకి కట్టాడు. మధ్యాహ్నం పేటవాళ్లే భుజాలు మార్చుకుంటూ అస్కాలెని చర్చి దాకా మోశారు.

మట్టి వేశాక సమాధుల దగ్గరే హాజరు తియ్యడం ఇదిర్ ఆనవాయితీ, రానివాళ్లెవరో తేలాలిగా. ఉబిషెట్ ఒక్కో పేరే చదివాడు, వాళ్లు "ఉన్నాం" అని పలికారు. చివరి పేరు అయ్యాక అతను పుస్తకం ముయ్యలేదు. జేబులోంచి కలం తీసి ఏదో రాశాడు.

"షిబేషి."

ముప్పై ఏళ్లుగా పేటంతటినీ పిలిచిన మనిషి, తనని పిలిస్తే బిత్తరపోయి చూశాడు.

"పలకవయ్యా," అంది ములాత్వా మెల్లగా.

"ఉన్నానండీ," అన్నాడు షిబేషి. అని, పొద్దుటి నుంచీ ఏడవనివాడు, అక్కడే మట్టిలో కూలబడి బావురుమన్నాడు.