చాటలు దాచిన రోజు

రామ్‌దాస్ సారుకు ఉత్తమ అధ్యాపక అవార్డు మీద ఎప్పటినుంచో కన్ను. నిజామాబాద్‌లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే ఈయన, విశ్వవిద్యాలయం వాళ్లు ఈసారి తన క్లాసు చూడ్డానికి వస్తున్నారని తెలియగానే కంఠేశ్వర్ బజారులో దర్జీ దగ్గర కోటు కుట్టించుకున్నాడు. అవార్డు రాకముందే కోటా అని భార్య వసంతమ్మ నవ్వింది. అలిగి చాయ్ మానేశాడు. తలనొప్పి పట్టుకునేసరికి మళ్లీ ఆమెనే అడిగి తాగాడు.

అవార్డుకు తగడా అంటే, నిక్షేపంగా తగుతాడు. ఆ కాలేజీ పిల్లల్లో చాలామంది బీడీలు చుట్టే ఇళ్లవాళ్లు. కాలేజీకి వస్తే బీడీలు కావు, బీడీలు చుడుతూ కూర్చుంటే కాలేజీ కాదు. అందుకని రామ్‌దాస్ చాటలు తన క్లాసుకే తెచ్చుకోమన్నాడు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, చెవులు మాత్రం పాఠం మీద. అంతటితో ఊరుకోక పాఠాన్నే వేళ్లకు ఎక్కించాడు. ఆకు కత్తిరిస్తూ గిరాకీ గురించి చెప్పాలి, తంబాకు పోస్తూ సరఫరా గురించి. చుట్టేటప్పుడు రెండూ కలవాలి. దారం ముడి బిగిసేసరికి ధర నిలవాలి. మిగతా క్లాసుల్లో కునికిపాట్లు పడే పిల్లలు ఇక్కడ కిటికీ గట్ల మీద కూడా కూర్చునేవాళ్లు.

ఇంత మంచి సంగతి చేతిలో ఉంచుకుని, విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చే రోజున ఈ మహానుభావుడు చేసిన పని చూడండి. చాటలన్నీ దాచేశాడు!

"పెద్ద ప్రొఫెసర్ వస్తుండు. కాలేజీల తంబాకేందని అడుగుతడు. ఇయ్యాల ఒక్క చాట కనవడద్దు," అన్నాడు పిల్లలతో.

"మరి చేతులేం జెయ్యాలె సార్?" అంది ముందు బెంచీ రేణుక.

"కట్టుకోని కూసోండ్రి."

చాటలను తంబాకుతో సహా నల్లబల్ల పక్కన స్టూలు మీద పేర్చి, వాటికి అడ్డంగా రంగుల చార్టు వేలాడదీశాడు. చార్టు గీసింది బావమరిది. దుకాణాలకు బోర్డులు రాసే మనిషి కాబట్టి గిరాకీ గీత చివర అడక్కుండానే ఒక నెమలిని కూడా వేశాడు.

విశ్వవిద్యాలయం తరఫున ప్రొఫెసర్ బాపురావు ఒక్కడే వచ్చాడు. నవ్వితే ముఖం అరిగిపోతుందనుకునే రకం. చివరి బెంచీలో కూర్చుని వినసాగాడు. రామ్‌దాస్ కోటులో ఉడికిపోతూ చార్టు చూపించి పాఠం చెప్పాడు. అంతా బాగానే ఉంది, ప్రొఫెసర్ లేచి రేణుకను అడిగేదాకా.

"గిరాకీ పెరిగితే ధర ఏమవుతుందమ్మా?"

రేణుక నోరు తెరిచింది. కట్టుకున్న చేతుల్లో వేళ్లు లేని ఆకును వెతికాయి. పరీక్షల్లో అయితే వేళ్ల మధ్య పెన్ను దొర్లించుకుంటూ రాసేసేది. ఇప్పుడు చేతులు కట్టేసింది సారే. పక్కపిల్ల ఓణీ కొస చుట్టడం మొదలుపెట్టింది. ఇంకొకతె జడ చివర చుడుతూ పెదవులు కదిలించింది.

"యాదికొస్తలేదు సార్," అంది రేణుక.

రామ్‌దాస్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఇన్నేళ్ల ఆశ కళ్లముందే గోదాట్లో కలిసిపోతోంది.

"ఉక్కగా ఉంది, ఫ్యాన్ వేయండి," అన్నాడు ప్రొఫెసర్ విసుగ్గా.

"వద్దు సార్!" అని రామ్‌దాస్ అరిచేలోపే ఎవరో స్విచ్చి నొక్కారు. చార్టు పైకి లేచింది. దాని వెనక తంబాకు లేచింది. ప్రొఫెసర్ తుమ్మాడు, మళ్లీ తుమ్మాడు, కళ్లజోడు ఎగిరిపోయేటట్టు తుమ్మాడు. తుమ్ముల సందులో "ఏమిటిది?" అని గద్దించాడు.

రామ్‌దాస్ ఎగిరే చార్టును రెండు చేతులా పట్టుకున్నాడు. రేణుకే లేచింది.

"గది మా పాఠం సార్. మా సారే నేర్పిండు. మీకు భయపడి దాసిండు. చాటలు ఇప్పియ్యుండ్రి, ఏదడిగినా చెప్తం."

ప్రొఫెసర్ ముక్కు తుడుచుకుంటూ తలూపాడు. చాటలు ఒళ్లోకి వచ్చాయి. ఇక చూడాలి! అడిగింది అడిగినట్టే చెప్పారు, అడగనిదీ చెప్పారు. కాసేపటికి ప్రొఫెసర్ చొక్కా చేతులు మడిచి, తనకూ ఒక చాట కావాలన్నాడు. ఆయన చుట్టిన బీడీ అక్కడికక్కడే విచ్చుకుంది.

"ముడి జారింది సార్. మీ ధర నిలుస్తలేదు. మల్ల జెయ్యుండ్రి," అంది రేణుక.

రామ్‌దాస్ కళ్లు మూసుకున్నాడు. ప్రొఫెసర్ మాత్రం కొన్ని ఆకులు, కాస్త తంబాకు, దారం పొట్లం కట్టించుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు కాలేజీకి కవరు వచ్చింది. అవార్డు వచ్చింది! సర్టిఫికెట్టు మీద ఏం రాశారంటే, "రంగుల చార్టుల ద్వారా నవ్య బోధన" చేసినందుకట. బీడీ అనే మాట రాయడానికి విశ్వవిద్యాలయానికి చెయ్యి రాలేదు కాబోలు. రామ్‌దాస్ మనసు చివుక్కుమంది. కష్టం తనది, పిల్లలది, పేరేమో నెమలికి.

ఉసూరుమంటూ క్లాసులో పిల్లల ముందే కవరు దులిపితే అడుగునుంచి ఒక బీడీ రాలింది. పొట్ట ఉబ్బి వంకరగా ఉంది. దానితో చీటీ కూడా లేదు.

రేణుక దాన్ని తీసుకుని, బీడీల కార్ఖానాలో మంచీచెడూ ఏరే మనిషిలాగే అటూ ఇటూ నొక్కి చూసింది. ముడి పట్టి లాగింది. ముడి కదల్లేదు.

"గా పెద్ద ప్రొఫెసర్ మస్తు కష్టపడ్డడు సార్. పాసైండు," అంది.

ఆ మాట విన్నాక రామ్‌దాస్ కోటు తొడుక్కుని క్లాసుకంతా మిఠాయి తేవడానికి బయలుదేరాడు.