పద్దెనిమిదో చుట్టు

కుక్కర్ మూత బిగించి స్టవ్ వెలిగించేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవడం నాకు అలవాటైపోయింది. దాని సేఫ్టీ వాల్వు పాడైందని ఆరు నెలలుగా చెబుతున్నాను. "ఏం కాదులే. పిరికితనం నీకు పుట్టుకతో వచ్చింది," అంటారు మా ఆయన, వంటింటి గుమ్మం అవతల నిలబడి. "చదువుకుంటానంటే వద్దన్నామా? వంట చేసి వెళ్ళమన్నాం, అంతేగా," అంటారు అత్తయ్య. ఈ రోజూ మూడు విజిళ్ళు అయ్యేదాకా ఊపిరి బిగబట్టి, డబ్బాలు సర్దిపెట్టి పోటీకి పరుగెత్తాను.

పోటీ మా ఇంజనీరింగ్ కాలేజీ హాల్లోనే. బ్యాటరీ లేకుండా, స్ప్రింగుకి కీ ఇచ్చి వదిలితే పది మీటర్లు పరుగెత్తే బండి తయారుచెయ్యాలి. మా జట్టులో నలుగురం. పెళ్ళయినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి వాళ్ళకి నేను పిన్నిగారిని. "పిన్నిగారూ, రిపోర్టు మీరే రాయండి, మీ అక్షరాలు ముత్యాలు." "పిన్నిగారూ, ఆ ఇనప రజను కాస్త ఊడ్చేద్దురూ." రాస్తూ, ఊడుస్తూ రెండు నెలలు ఆ బండిని ఎవరూ చూడనంత దగ్గరగా చూశాను.

పద్దెనిమిది చుట్ల వరకూ స్ప్రింగు మెత్తగా బిగుస్తుంది. పంతొమ్మిదో చుట్టుకి దాని చివరి కొక్కెం చిన్నగా మూలుగుతుంది. నిన్న గోటితో తడిమితే కొక్కెం వంపులో వెంట్రుకంత గీత తగిలింది. అది తెగితే ఉక్కు పట్టీ కత్తిలా విచ్చుకుంటుంది. కీ తిప్పేవాడు వెనకాల ఉంటాడు. కొక్కెం జారకుండా పట్టుకునే మనిషి మొహం మాత్రం స్ప్రింగుకి జానెడు దూరంలో ఉంటుంది. ఆ మనిషిని నేనే. "మీ వేళ్ళు సన్నగా ఉంటాయి, సందులో పడతాయి," అన్నాడు మా కెప్టెన్ మొదటి రోజే.

రిపోర్టులో పద్దెనిమిది చుట్లని రాశాను. అతను కొట్టేసి ఇరవై రెండు చేశాడు. గీత చూపించాను. ఒక్క క్షణం తేరిపార చూసి, నవ్వేశాడు. "ఏం కాదు పిన్నిగారూ. పద్దెనిమిదైతే ఏడు మీటర్లకే చతికిలబడుతుంది."

మా వంతు వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని కొక్కెం పట్టుకున్నాను. చెమటకి వేళ్ళు జారుతున్నాయి. అతను కీ తిప్పుతుంటే ఎప్పటిలాగే పైకి లెక్కపెట్టడం నా పని. పదిహేను. పదహారు. ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతోంది. పొద్దున కుక్కర్ ముందు మూసుకున్నదీ ఇదే కన్ను. పదిహేడు. భయపడితే నవ్వుతారు. నవ్వు పోతుంది, కన్ను పోతే రాదు. పద్దెనిమిది.

పంతొమ్మిది అనడానికి నోరు రాలేదు.

"లెక్క ఆపారేం?"

చుట్లన్నీ అయ్యాక స్ప్రింగు విప్పుకోకుండా దూర్చాల్సిన పిన్ను అప్పుడే దూర్చేసి, చేతులు తీసేశాను.

"ఇంకా నాలుగు తిప్పాలంటే తిప్పుదాం," అన్నాను. "కీ నేను తిప్పుతాను. కొక్కెం నువ్వు పట్టుకో."

పక్కకి జరిగి చోటిచ్చాను. అతను ఆ చోటుని చూశాడు, కొక్కేన్ని చూశాడు. "టైమైపోతోంది, ఇలాగే వదిలేద్దాం," అన్నాడు. చెయ్యి మాత్రం చాచలేదు.

అంటే, అతనికి మొదటినుంచీ తెలుసు.

బండి ఏడు మీటర్లు పోయి ఆగింది. జట్టువాళ్ళు బండి ఎత్తుకుని నన్ను దాటి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో గుర్తొచ్చింది: ఈ ఆరు నెలల్లో కుక్కర్ పొయ్యి మీదుండగా మా ఆయన ఒక్కసారైనా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

రేపు పొద్దున మూత ఆయన చేతికిచ్చి, గుమ్మం అవతల నేను నిలబడతాను.