పది మడతల తలగుడ్డ

ఎడమచేత్తో నీళ్ళు చిలకరిస్తూ, కుడిచేత్తో ఇస్త్రీపెట్టె ముక్కును కుచ్చు లోపలికంటా దూరుస్తూ రికా పావడా చివరి మూర దగ్గరికి వచ్చింది. ఏడు గజాల గుడ్డ. కర్రపెండలం గంజిలో కొవ్వొత్తి ముక్క కరిగించి పట్టించింది కాబట్టి పెట్టె ఎక్కడా ఆగకుండా జారుతోంది. ఆఖరి కుచ్చు అయ్యాక పావడాను రెండు చేతులా ఎత్తి నేలమీద పెట్టి వదిలింది. అది పడలేదు. లోపల మనిషి ఉన్నట్టే నిలబడింది.

రికా స్టూలు మీద కూచుని కాళ్ళు చాపుకుంది. ఈస్టరు నుంచీ పాదాలు దిగని వాపు. చెప్పుల పక్క పట్టీలు కత్తెరతో కోసుకుంటే గాని లోపలికి పోవడం లేదు. డెబ్భై ఒకటో ఏడు. పొట్టి మనిషి, పైగా ఎప్పుడూ బల్ల మీదికి వంగి పనిచేయడంతో ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. పెట్టె పట్టీ పట్టీ కుడి బొటనవేలు బయటికి వంగిపోయింది. గోళ్ళు నానిన బియ్యంలా తెల్లగా, మెత్తగా ఉంటాయి.

బయట వాన పడి వెలిసి మళ్ళీ పడుతోంది. జూన్ ముప్ఫయ్యో తారీకు మధ్యాహ్నం. పారామారిబో ఊరంతా రేపటి బానిస విడుదల పండగకు గుడ్డలు ఎండక గోలపెడుతోంది. రికాకు ఆ బెంగ లేదు. మొన్న గురువారం ఒక పూట ఎండ కాస్తే, ఆ పూటే తన తలగుడ్డను గంజిలో ముంచి చెక్క మీద పరిచి, అరచేత్తో గాలిబుడగలు తోలి, ఎండబెట్టుకుంది. ఎండిన గుడ్డ చెక్కను వదిలి తనంతట తాను పైకి లేచింది. దాన్ని మడిచి, గుండుసూదులు గుచ్చి, బోర్లించిన కుండ మీద పెట్టింది. ఎరుపూ పసుపూ గళ్ళు. పది మడతలు.

తలగుడ్డ కట్టే తీరుకు ఈ ఊళ్ళో పేర్లుంటాయి. బానిసలుగా ఉన్న రోజుల్లో నోటితో అంటే దెబ్బలు తినాల్సిన మాటలు ఆడవాళ్ళు తలగుడ్డతో అనేవాళ్ళు. 'వీధి మలుపులో నాకోసం ఆగు' అని ఒక కట్టు. 'వాగితే వాగనీ' అని ఒక కట్టు. వాటికి గిరాకీ ఎక్కువ. ఈ పది మడతల కట్టు మాత్రం రికా ఎవరికీ కట్టలేదు. అది వాళ్ళ అమ్మమ్మది.

అమ్మమ్మకు వాళ్ళమ్మ చెప్పిందట. జూలై ఒకటిన కోటలో ఫిరంగులు పేల్చారు. సంకెళ్ళు తెగాయన్నారు. ఆడవాళ్ళు పావడాలెత్తి రోడ్డు మీద గంతులేశారు. పండగ అయ్యాక ఓ పొద్దున చెరకుతోటలో మామూలు పనిగంట మామూలుగానే కొట్టారు. మీరిప్పుడు బానిసలు కారు, కాగితం మీద వేలిముద్ర వేసి ఇంకో పదేళ్ళు ఇక్కడే పనిచేయాలి అన్నారు. ఆ పదేళ్ళకు పది మడతలు. కట్టు పేరు 'గంట మోగుతూనే ఉంది'.

రికా నది ఒడ్డున హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ నలభై ఒక్కేళ్ళు గడిపింది. జూలై ఒకటి అందరికీ సెలవే. కాని సెలవు కాబట్టే హోటలు నిండేది, నిండేది కాబట్టే దుప్పట్లు. కిటికీలోంచి డప్పులు వినిపించేవి, ఆవిరికి మనుషులు కనిపించేవాళ్ళు కాదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఆమెతో ఉండే మనిషి హాలండు విమానం ఎక్కి, రెండు ఉత్తరాలు రాసి మానేశాడు. పిల్లలు లేరు. హోటలు వదిలేశాక ఈ పదకొండేళ్ళూ ఫ్రీమాన్గ్రోన్ పేటలో, పెద్దింటి పెరట్లో ఉన్న ఈ ఒకటిన్నర గది చెక్క ఇంట్లో ఊళ్ళోవాళ్ళ తలగుడ్డలు కడుతోంది. జూలై ఒకటి పొద్దున గుమ్మంలో ఆడవాళ్ళు బారులు తీరేవారు. చివరి మనిషి తల మీద చివరి సూది గుచ్చేసరికి ఊరేగింపు ఊరి పెద్దతోట చేరి ఉపన్యాసాలు మొదలయ్యేవి.

ఒక్కసారైనా ఊరేగింపులో నడవాలని ఆమె కోరిక. పెద్ద కోరికేమీ కాదు. అందుకే ఈ ఏడు జూన్ ముప్ఫై దాటాక ఎవరి తలా ముట్టుకోనని నెల ముందే అందరికీ చెప్పేసింది.

పక్కవాటా యూజెనీ గుమ్మంలోంచి తొంగిచూసి, నిలబడ్డ పావడాను ఎగాదిగా చూసింది.

"ఎవరే ఈవిడ, కాళ్ళూ చేతులూ లేకుండా? నీకంటే నయం, వాపులైనా లేవు."

రేపు తనతో నడిచేది ఆవిడేనని రికా చెప్పింది.

"నడుస్తావులే. కిందటేడూ ఇదే అన్నావు. నేను ఉప్పుచేప తిని చెయ్యి కడుక్కునేదాకా గుండుసూదులు నోట్లో పెట్టుకుని ఇక్కడే ఉన్నావు."

ఈసారి చూడవే అంది రికా. రేపు మధ్యాహ్నానికి ఇద్దరికీ కలిపి కర్రపెండలం, చిలగడదుంప, అరటికాయ ఉడకేస్తాననీ, ఉప్పుచేప ఇప్పుడే నానబెట్టాననీ చెప్పి యూజెనీ వెళ్ళిపోయింది.

వాన కాస్త తెరిపిచ్చినప్పుడు గేటు చప్పుడైంది. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే మిరెల్లా, వెనకాల గొడుగు పట్టుకుని ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతె. మిరెల్లా చేతిలో బట్టల సంచి ఉంది. ఆ సంచిని చూడగానే రికా స్టూలు మీంచి లేచింది.

మూడు వారాల కింద మిరెల్లా ఆఫీసు ఆడపిల్లలకని పదిహేను తలగుడ్డలు పురమాయించింది. ఊరేగింపులో అందరూ ఒకేలా ఉండాలట. ఫోనులో బొమ్మ చూపించింది, 'వాగితే వాగనీ' కట్టు. గుడ్డ తనే తెచ్చింది. తెలుపు మీద చిన్న చిన్న ముదురు నీలం పూలు. మా కంపెనీ రంగు నీలం కదా అని నవ్వింది. రికా గుడ్డను వేళ్ళ మధ్య పట్టి చూసింది. అది మైల గుడ్డ. ఇంట్లో మనిషి పోయి నల్లబట్టలు విడిచిన తర్వాత, మళ్ళీ రంగులు కట్టేలోపు కట్టుకునేది. పండగనాడు దాన్ని తల మీద పెట్టుకుంటే ఇంటి మీదికి చావును పిలిచినట్టే.

చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో మిరెల్లా ఫోను మోగింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ రికా ఆలోచించింది. చెబితే గుడ్డ మారుస్తారు. ఆఫీసువాళ్ళు మార్చడమంటే వారం, రెండు వారాలు. తెచ్చేసరికి నెలాఖరు. మళ్ళీ జూలై ఒకటి పొద్దున తన గుమ్మంలో పదిహేను తలలు. ఫోను పెట్టేశాక మిరెల్లా ఏంటి పిన్నీ అని అడిగితే, ఎప్పటికి కావాలి అని మాత్రమే అడిగింది. పదిహేనూ కట్టి, వారం ముందే ఇచ్చేసింది. కడుతున్నన్నాళ్ళూ ఆ పూల వంక సరిగ్గా చూడలేదు.

మిరెల్లా తడిసిన జుట్టు తుడుచుకుంటూ జరిగింది చెప్పింది. వెనకాల ఉన్న జోసియాన్ రాత్రి అద్దం ముందు తలగుడ్డ పెట్టుకుని చూసుకుంటోందట. మంచంలో ఉన్న వాళ్ళ అమ్మమ్మ లేచి కూచుని, "ఎవరు పోయారే మనింట్లో?" అని అడిగిందట. ముసలావిడ ఒకటే ఏడుపు. తెల్లారేసరికి పదిహేనుమందికీ తెలిసింది. ఒక్కతీ పెట్టుకోనంది. మిరెల్లా పొద్దుటి నుంచీ దుకాణాలు తిరిగి ఎర్రగళ్ళ గుడ్డ పట్టుకొచ్చింది.

"తప్పు నాదే పిన్నీ. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరికి తెలుస్తున్నాయి? మీకూ తెలిసుండదు," అంది.

ఆ మాట దగ్గర ఊరుకుంటే సరిపోయేది. నేను రేపు నడుస్తున్నాను అమ్మాయ్, ఇంకెవరినైనా చూసుకోండి అంటే మిరెల్లా బతిమాలి బతిమాలి వెళ్ళిపోయేది. రికా గది మధ్యలో నిలబడ్డ పావడా వైపు చూసింది.

"నాకు తెలుసు," అంది.

మిరెల్లాకు అర్థం కాలేదు. జోసియాన్‌కు అయింది. గొడుగు ముడవడం ఆపి, "తెలిసే కట్టారా మామ్మా?" అంది.

"తెలిసే కట్టాను."

వాన చినుకులు రేకు మీద పడుతున్నాయి. జోసియాన్ చూపు తిప్పుకోలేదు. మిరెల్లా డబ్బు ఎక్కువ ఇస్తాననబోతే రికా చెయ్యెత్తి ఆపి, సంచి అందుకుంది. పొద్దున ఏడింటికి రండి అంది.

పావడాను గోడ పక్కకు జరిపి బల్ల ఖాళీ చేసుకుంది. ఎండ లేదు. గంజి గుడ్డ ఎండలో ఎండితే గాలే సగం పని చేస్తుంది. పెట్టెతో ఎండబెట్టాలంటే ప్రతి గుడ్డనీ అద్దంలా అయ్యేదాకా పది పన్నెండుసార్లు తోమాలి. యూజెనీ చూడ్డానికి వచ్చి, సంగతి విని, నోరు నొక్కుకుంది. వేళాకోళం ఆడలేదు. పొయ్యి దగ్గర నిలబడి గంజి ఉండకట్టకుండా కలిపిపెట్టి, అన్నం తినమని రెండుసార్లు చెప్పి, నిద్ర ఆపుకోలేక వెళ్ళింది.

పద్నాలుగు గుడ్డలు అయ్యాయి. పదిహేనోది తోముతుండగా తెలతెలవారుతోంది. రికాకు ఊపిరి పైపైనే ఆడుతోంది, లోపలికి పోవడం లేదు. కాసేపు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అలా నిలబడి ఎంతసేపు కళ్ళు మూసుకుందో, వాసనకు తెరిచింది. పెట్టె గుడ్డ మీదే ఉంది. ఎత్తి చూస్తే కింద గోధుమరంగు మచ్చ. హోటల్లో నలభై ఒక్కేళ్ళలో, ఇంట్లో పదకొండేళ్ళలో ఆమె ఒక్క గుడ్డ కాల్చలేదు. మచ్చ మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్దింది. పెట్టె ఆర్పేసింది.

ఏడింటికి పెరడంతా ఆడపిల్లలు. రాత్రి వాన కడిగేసిన గచ్చు మీద తెల్ల చెప్పులు, గలగలా మాటలు. ఒకతె తల ఇంకొకతె తలకన్నా పెద్దదని ఎగతాళి, నీది తల కాదే పనసకాయని ఇంకొకతె. రికా ఒక్కొక్కరినీ స్టూలు మీద కూచోబెట్టి, తలగుడ్డ దించి, వెనక సూది సరిచేసింది. పద్నాలుగు తలలు అయ్యాయి. జోసియాన్ మిగిలింది.

రికా కుండ మీంచి పది మడతల తలగుడ్డ తీసింది.

"నాది వేరేగా ఉందేంటి?" అంది జోసియాన్.

ఒక గుడ్డ తన చేతిలో కాలిందని చెప్పింది రికా. ఇది ఎవరిదని ఆ పిల్ల అడిగితే, నీదే, కూచో అంది. మడతలు ఒకదాని కింద ఒకటి మెట్లలా దిగి చెవి దగ్గర ఆగాయి. జోసియాన్ చేత్తో తడిమి చూసుకుంది. ఎరుపులో పసుపు కలిసిందని మిరెల్లా కాస్త మొహం చిట్లించింది.

"ఇదేమంటుంది మామ్మా? వాళ్ళవైతే వాగితే వాగనీ అంటాయట కదా."

రికా నోట్లో ఉన్న చివరి సూది తీసి గుచ్చింది.

"వచ్చాక చెప్తాలే. నడిచేటప్పుడు తల మాత్రం వంచకు."

అందరూ గేటు దగ్గర నిలబడి ఫోనులో ఫొటోలు దిగారు. రికాను కూడా రమ్మన్నారు. నా తల బోడిగా ఉంది పొండి అంది. ఎర్ర తలలు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఒకటి మాత్రం పసుపు కలిసి తేడాగా కనిపిస్తూ, ఎత్తుగా, అన్నిటికన్నా ఆఖరున పోయింది.

ఇంట్లోకి వచ్చి మొహం కడుక్కుంది. కాలిన గుడ్డను బల్ల మీద పరిచి, మచ్చ లోపలి మడతలోకి పోయేలా నాలుగుసార్లు మడిచి తలకు పెట్టుకుంది. పైకి ఏమీ కనిపించలేదు. పావడా తొడుక్కోవడానికి రెండు చేతులు చాలవు, వెనక ముడి వేయడానికి ఇంకో మనిషి కావాలి. యూజెనీ అప్పటికే ఊరేగింపుకు పోయింది. రికా మామూలు గౌను మీదే, వంటింట్లో ఉన్న తెల్ల ప్లాస్టిక్ కుర్చీని ఈడ్చుకుంటూ, రెండుచోట్ల ఆగి, గేటు దాటి రోడ్డు పక్కన వేసుకుంది. ఊరేగింపు ఈ వీధికి రాదు. కాని ఊరేగింపుకు పోయేవాళ్ళందరూ ఈ వీధినే పోవాలి.

జనం పోతూనే ఉన్నారు. పావడాలు వీధిని నింపేస్తున్నాయి. తెలిసినవాళ్ళు ఇవాళ ఖాళీగా కూచున్నావేంటని ఆశ్చర్యపోయారు. సెలవు అంది రికా. అలా అనడం ఎలా ఉంటుందో చూడ్డానికన్నట్టు, ఇంకొకరు అడిగినప్పుడు మళ్ళీ అంది. దూరంగా డప్పులు మొదలయ్యాయి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

తర్వాత వచ్చినవాళ్ళు పండగ మాట చెప్పి పోయారు. ఆమె బదులు చెప్పకపోతే ముసలావిడ కునుకు తీస్తోంది పాపం అనుకున్నారు. ఒకతను తన చేతిలోని చిన్న కాగితం జెండా ఆమె వేళ్ళ మధ్య పెట్టి పోయాడు. పదకొండున్నరకు తుంపర మొదలైంది. అందరూ చెట్ల కిందికి పరుగెత్తారు.

యూజెనీ వానలో తిరిగొచ్చి, దూరం నుంచే తిట్లు మొదలుపెట్టింది. తడుస్తూ కూచోడానికి బుద్ధుందా, ఆ వాపు కాళ్ళతో అంటూ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో ఆమె ముక్కు దగ్గర ఊపిరి చూసింది. తర్వాత పెద్దింటివాళ్ళను కేకేసింది.

నలుగురు కలిసి ఆమెను ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోయారు. గేటు మూసిన చప్పుడైంది. ఊరేగింపు తోటకు చేరినట్టుంది, డప్పులు ఆగాయి. రోడ్డు పక్కన కుర్చీ ఉండిపోయింది. దాని చేతులూ, వీపూ నీళ్ళోడుతున్నాయి. కూచునే చోట మాత్రం ఒక మనిషి మేర పొడిగా ఉంది. ఆ పొడి మీద ఒక చినుకు పడింది, కాస్త ఆగి ఇంకొకటి.