మూడు రోజుల వాగు నీళ్లు

అత్త చేదుగడ్డ అనే అడవి దుంప వండుతుంటే తీసి పెట్టిన వీడియోను నాలుగు వందల మంది చూస్తేనే మురిసిపోయిన పిచ్చిది పుష్పలత. ఇప్పుడు ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు దాన్ని ఎత్తుకుపోయి, పాట తగిలించి, ‘షుగరుకు అడవి మందు’ అని పేరు పెట్టి తన పేజీలో వదిలితే మూడు లక్షల మంది చూశారు. దొంగతనం చేశాడు, పోనీ. కింద ఎవరో రాసిన మాట చూశాకే ఆమెకు చెమటలు పట్టాయి.

“మా గట్టు మీద ఈ గడ్డ దొరికింది. ఈ పూటే మా ఆయనకి వండి పెడతాను.”

రాసింది కళావతి, ఊరు వేంసూరు దగ్గర. చేటలో మట్టి వదలని చేదుగడ్డ పెట్టి, ఇంటి ముందు ఫొటో కూడా దిగింది మహాతల్లి.

మణుగూరు చుట్టుపక్కల అడవి పల్లెల్లో చేదుగడ్డ వండని ఇల్లు లేదు. కానీ పచ్చిగా అది విషం. ముక్కలు కోసి, బుట్టలో వేసి, పారే వాగులో మూడు రోజులు ఉంచితే గానీ ఆ విషం పోదు. పుష్పలత అత్త జంపక్క ఆ వీడియోలో వాగు నుంచి తెచ్చిన బుట్టతోనే మొదలుపెట్టింది. ముక్కలు ఉడకేసి, ఉప్పు చల్లి, నవ్వుతూ తింది. వాగు సంగతి అత్త చెప్పలేదు, కోడలు అడగలేదు. అన్నం వండేముందు వడ్లు దంచాలని ఎవరికైనా చెబుతామా?

పుష్పలత ముందు తన వీడియో తీసేసింది. ఏం లాభం? ఎత్తుకుపోయింది తిరుగుతూనే ఉంది. దాని కింద ‘తినొద్దు, విషం’ అని రాయబోతే, ఆ పేజీలో చేరి నెల దాటినవాళ్ళే రాయాలట! చూడ్డానికి లోకమంతటికీ తలుపులు బార్లా తీశారు, వద్దని చెప్పడానికి మాత్రం తాళం. కళావతికి విడిగా మెసేజ్ పెట్టింది. ఆమె చూడలేదు. పొద్దేమో నడినెత్తికొస్తోంది, వంటల వేళ.

“ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?” అంది జంపక్క.

పుష్పలత అంతా చెప్పింది.

“వాగుల పెట్టకుండ ఎవలన్న తింటరానే? పసిపోరలకు గూడ తెల్సు గద!”

“మన పోరలకు తెల్సు అత్తా. ఆళ్ళకెట్ల తెలుస్తది?”

జంపక్క కోడలి చేతిలోని ఫోన్ మీదికి వంగింది.

పుష్పలత కళావతి పెట్టిన ఫొటోను పెద్దది చేసి చూసింది. చేట వెనక గోడ మీద టెంట్‌హౌస్ ప్రకటన, దాని కింద ఫోన్ నంబరు. వెంటనే ఆ నంబరు కొట్టింది. హాతీరాం అనే ఆయన ఎత్తాడు.

“కళావతక్కా? మా వెనకిల్లే. నువ్వెవరమ్మా?”

“అన్నా, ఆమె వండే గడ్డ విషం! నీ కాళ్ళు మొక్కుతా, జల్దీ పోయి గిన్నె దింపియ్యి!”

ఫోన్ చేతిలో ఉండగానే పరుగెత్తాడు పుణ్యాత్ముడు. చెప్పుల చప్పుడు, కుక్క అరుపు, ఏవో కేకలు వినిపించాయి. చివరికి ఒక ఆడగొంతు పలికింది.

“దించేశానమ్మా. మా ఆయన ఇప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నాడు. బతికించావు తల్లీ.”

పుష్పలత గడపలోనే కూలబడి భోరుమంది. అవతల కళావతి గొంతు సన్నబడింది.

“కానీ పొద్దున్నే ఆ వీడియో మా పొదుపు గ్రూపుకి పంపానమ్మా. మా చెల్లెళ్ళకీ పంపాను. వాళ్ళు ఇంకెవరికి పంపారో...”

ఆ మధ్యాహ్నమే జంపక్క ఖాళీ బుట్ట పట్టుకుని వాగులో మోకాలి లోతున నిలబడింది. “మూడు దినాలు బిడ్డా, మూడు దినాలు,” అని ఫోనుకు దణ్ణం పెట్టి మరీ చెప్పింది. పుష్పలత తీసి పెట్టిన ఆ కొత్త వీడియోను సాయంత్రానికి పదిహేడు మంది చూశారు. అక్కడ, ఎత్తుకుపోయినవాడి పేజీలో, పాతది నాలుగు లక్షలు దాటింది.

“అందరికి ఇనబడ్డదానే?” అని అడిగింది జంపక్క.

పుష్పలత మళ్ళీ ఫోను ఎత్తి పట్టుకుంది.

“ఇంకోసారి చెప్పు అత్తా. ఇంకొంచెం గట్టిగ చెప్పు.”