నూకరత్నం అడిగిన టాక్

హైమ మెట్లెక్కుతోంది. అవి సినిమా హాలు బాల్కనీ మెట్లో, ఆసుపత్రి మెట్లో ఎంతకీ తేలడం లేదు. గోడల మీద కిళ్ళీ మరకలు చూస్తే హాలే అనిపిస్తుంది, ఫినాయిల్ వాసన తగిలితే ఆసుపత్రే అనిపిస్తుంది, రెండు చోట్లా రెండూ ఉంటాయి కనుక వాటిని నమ్ముకుని తీర్పు చెప్పడం కష్టం. పై మెట్టు దాటాక బాల్కనీ వస్తుంది. ముందు వరసలో, ఎప్పుడూ కూర్చునే చోటే, అత్తగారు నూకరత్నం ఆకుపచ్చ నేతచీరలో కూర్చుని ఉంది. ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. తెర మీద బొమ్మ లేదు, ఉత్త వెలుతురే ఉంది, అయినా కన్నార్పకుండా దాన్నే చూస్తోంది.

"వచ్చావా," అంటుంది తల తిప్పకుండా. "రా, కూర్చో."

హైమ కూర్చోదు. పోయినవాళ్ళు కలలో కనిపించి పిలిస్తే వెళ్ళకూడదని, ఏమైనా పెడితే తినకూడదని చిన్నప్పటి నుంచీ విన్న మనిషి. ఇది కలని తనకి తెలుసో తెలియదో గానీ ఆ భయం మాత్రం కాళ్ళని కదలనివ్వడం లేదు. పైగా అత్తగారి పక్క సీటు మీద చేతిరుమాలు పరిచి ఉంది. ఎవరి కోసమో ఆపిన సీటు.

"ఆ సీటు ఎవరికి అత్తయ్యా?"

"ముందు టాక్ చెప్పవే. సినిమా ఎలా ఉంది?"

ఏ సినిమా అని అడగక్కర్లేదు. పెద్దాయన, కుర్రాడు కలిసి నటించిన సైన్స్ ఫిక్షన్ సినిమా. పెద్దాయన అత్తగారి హీరో, కుర్రాడు కోడలి హీరో. ఉప్పూ నిప్పూ లాంటి ఈ అత్తాకోడళ్ళకి హైమ పెళ్ళైన కొత్తలోనే ఒక ఒప్పందం కుదిరింది: ఏ హీరో సినిమా అయినా ఒకరిని వదిలి ఒకరు చూడకూడదు. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఎదుటివాళ్ళ హీరో గురించి ఒక్క మంచి మాట చెప్పి తీరాలి, ఆ తరవాత ఎంతైనా తిట్టుకోవచ్చు. హైమ మొగుడు గంగాధరం మాత్రం సినిమా పేరెత్తితేనే మొహం చిట్లించేవాడు. చీకట్లో కూర్చుని ఏడ్చి రావడానికి డబ్బులెందుకు తగలేయడం అనేవాడు. ఇద్దరు హీరోలూ ఒకే బొమ్మలో అన్న కబురు విని నూకరత్నం ఎంత మురిసిందో చెప్పలేం. ఆ బొమ్మ విడుదల కాకముందే ఆసుపత్రిలో చేరింది. తిరిగి రాలేదు.

ఇప్పుడు ఊరంతా చూసేసింది. హైమ ఒక్కతే చూడలేదు. కానీ ఆ మాట బయటపెడితే, అయితే రా, కలిసి చూద్దాం అంటుందేమో ఈవిడ. కూర్చుంటే మళ్ళీ లేవడం ఉంటుందా? అందుకని హైమ చూసినట్టే మాట్లాడుతుంది.

"బాగుంది అత్తయ్యా. ఫస్టాఫ్ కొంచెం సాగింది. సెకండాఫ్ మాత్రం రోమాలు నిక్కబొడుచుకున్నాయి."

"కింది వాటా టీచరమ్మ మాట అది. ఏ సినిమాకైనా అదే చెప్తుంది. నీ మాట చెప్పు."

బాల్కనీ వాళ్ళ పెరటి వసారాగా మారిపోతుంది, నూకరత్నం చేటలో కరివేపాకు దూస్తూ ఉంటుంది, వంటింటి కిటికీలోంచి తెర వెలుతురు వచ్చి ఆవిడ సగం మొహం మీద పడుతుంది, సీటూ రుమాలూ మాత్రం ఆ వసారాలో కూడా ఆవిడ పక్కనే ఉన్నాయి, హైమకి ఇది వింతగా తోచదు.

"గ్రాఫిక్స్ అదిరిపోయాయి. కథే అర్థం కాలేదు."

"ఇది ఆటో అప్పలకొండ మాట. గ్రాఫిక్సంట. నీ నోట ఆ మాట ఎప్పుడన్నా పలికిందా? పొగ పెట్టారు, మంటలు పెట్టారు అంటావు గానీ."

"పెద్దాయనకి అన్యాయం చేశారు. అద్దాల పెట్టెలో డెబ్బై ఏళ్ళు నిద్రలోనే ఉంటాడు. కుర్రాడు వచ్చి లేపితే గానీ లేవడు."

నూకరత్నం చేతులు ఆగిపోతాయి. "ఇది నా కూతురి మాట. మా పెద్దాయనకి అన్యాయం జరిగితే లోపల్లోపల పండగ చేసుకునే రకానివి నువ్వు. సరే, ఆయన గురించి ఒక్క మంచి మాట చెప్పు."

హైమ దగ్గర అరువు మాటలన్నీ అయిపోయాయి. అత్తగారు ఆమెను ఎగాదిగా చూస్తుంది.

"ఎవరితో వెళ్ళావే?"

"మీరే ఎవరితోనో చూసేసినట్టున్నారు," అంటుంది హైమ, దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు. "లేకపోతే ఎవరి మాట ఎవరిదో ఎలా పట్టేస్తున్నారు? ఆ రుమాలు ఎవరికి వేశారు? నన్ను రమ్మని కాదా?"

ఆ చివరి మాట తెలియకుండానే జారిపోయింది. అన్నాక దాచడానికేం మిగల్లేదు. హైమ నిలబడే ఏడుస్తుంది, ఆసుపత్రిలో నలుగురి మధ్యా రాని ఏడుపు, కోడలికేం బాధని చుట్టాలు గుసగుసలాడుకుంటున్నా రాని ఏడుపు, ఇప్పుడు కొంగు తడిసేలా వస్తుంది.

"నేను చూడలేదు అత్తయ్యా. ఎవరితోనూ చూడలేదు. మీరు లేకుండా ఎలా వెళ్ళను? చూడలేదంటే పక్కన కూర్చోమంటారని భయమేసింది."

"తీసుకుపోవడానికొచ్చాననుకున్నావా?" నూకరత్నానికి కోపం వస్తుంది, తరవాత అది కోపంలా ఉండదు. "ఓసి పిచ్చిమొహమా. నిన్ను తీసుకుపోతే ఇంక నాకు టాక్ చెప్పేదెవరు?"

"మరి ఆ రుమాలు?"

"అలవాటు. నువ్వొస్తావని వెయ్యలేదు. ఇంకెవరన్నా వచ్చి కూచుంటారేమోనని వేశాను."

హైమ రుమాలు అంచు వేలితో ముట్టుకుంటుంది, కూర్చోదు. నూకరత్నం కూర్చోమనదు. వసారా మళ్ళీ బాల్కనీ అయిపోతుంది, ఎదురుగా బొమ్మ లేని తెర. అంతలో అత్తగారు ముక్కు ఎగబీలుస్తుంది, ఇంట్లో పాలు మాడితే అందరికంటే ముందు పట్టే మనిషి.

"నువ్వు కాకపోతే మరి చూసిందెవరే?"

"ఎక్కడ?"

"మనింట్లోనే. ఎవరో చూశారు. నాకు తెలుస్తూనే ఉంది. ఇందాకటి నుంచీ నువ్వే అనుకుని నిన్ను నిలదీస్తున్నాను. వెళ్ళి కనుక్కో."

"ఇంట్లో ఇంకెవరున్నారు అత్తయ్యా," అంటూ హైమ ఇటు తిరుగుతుంది. తిరిగి చూసేసరికి సీట్లన్నీ వాటంతటవే మడుచుకుంటున్నాయి.

మెలకువ వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం. హైమ చాప మీద పడుకుని ఉంది, చెంప తడిగా ఉంది. గంగాధరం ఎప్పుడు వచ్చాడో, వంటింట్లో మంచినీళ్ళు తాగుతున్నాడు. ఆఫీసులో పనుందని పొద్దున బయల్దేరిన మనిషి. విప్పిన చొక్కా మేకుకి తగిలించి ఉంది. జేబులోంచి సినిమా హాల్లో ఇచ్చే నల్లటి త్రీడీ కళ్ళజోడు బయటికి పొడుచుకొచ్చి కనిపించింది.

"సినిమాకి వెళ్ళారా?" అని అడిగింది హైమ.

గంగాధరం గ్లాసు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "ఎవరు చెప్పారు?"

"ఆ జోడు బయటికొచ్చేటప్పుడు వెనక్కి తీసేసుకుంటారు కదా. మీ జేబులోకి ఎలా వచ్చింది?"

"సగంలోనే లేచొచ్చేశాను." గ్లాసు కింద పెట్టాడు. "మీరిద్దరూ అంతంతసేపు అక్కడేం చూసేవారో చూద్దామని వెళ్ళాను. బాగానే ఉంది. ఆ అద్దాల పెట్టె దగ్గరికొచ్చింది. కుర్రాడు అద్దం మీద చెయ్యేసి పిలిచాడు. అన్ని రోజులు ఐసీయూ అద్దం బయట నుంచుని మనమూ అలాగే పిలిచాం కదా. ఆయన కళ్ళు తెరిచాడు, హైమా. హాలంతా ఒకటే ఈలలు. నేను జోడు తియ్యకుండానే బయటికొచ్చేశాను."