రెండు పనుల బండి

నేను ఒక మోటారుసైకిల్ని. పాడేరులో సంత బయలు వెనక, మెకానిక్ సత్యం షెడ్డు గోడకి ఆనుకుని, ముందు చక్రం లేకుండా ఉన్న నన్ను చూస్తే మీరు ఆ మాట నమ్మకపోవచ్చు. కింద రెండు ఇటుకలు పెట్టారు కాబట్టి ఇంకా పడిపోలేదు. నా సీటు మీద ఒక కోడిపెట్ట రోజూ వచ్చి కునుకు తీస్తుంది. దాన్ని కసరడానికి హారన్ లేదు, ఎవరో ఊడదీసుకుపోయారు. ఉన్నా కసిరేదాన్ని కాదు, అంత ఓపిక నాకిప్పుడు లేదు.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో, కదిలే పట్టా మీద నన్ను ముక్కలు ముక్కలుగా బిగించారు. బిగించిన వాళ్ళెవరూ నా మొహం కేసి సరిగ్గా చూడలేదు. వాళ్ళ డ్యూటీ అయిపోయే వేళయింది మరి. మా రకాన్ని కనిపెట్టిన మహానుభావుడి ఆలోచన ఏమిటంటే, ఈ బండి వారమంతా మనిషిని ఉద్యోగానికి మొయ్యాలి, సెలవు రోజున కొండలూ గుట్టలూ ఎక్కించాలి. అందుకని ముందు చక్రం పెద్దది పెట్టి, మట్టిని పట్టే గళ్ళ టైర్లు తొడిగి, సైలెన్సర్‌ని నీళ్ళు తగలకుండా పైకి లేపి, సీటు ఎత్తుగా కట్టారు. ఇంజను మాత్రం చిన్నదిచ్చారు. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరన్నారు పెద్దలు. ఆ మోసేదాన్ని నేనేనని షోరూముకి చేరిన రోజునే నాకు అర్థమైపోయింది.

నన్ను కొన్నవాళ్ళు మొగుడూ పెళ్ళాలు. కిల్లో త్రినాథ్ పాడేరులో కాఫీ తోటల ఆఫీసులో గుమాస్తా. మనిషి తాటిచెట్టంత పొడుగు, మనసు చిన్నపిల్లాడిది. అతని భార్య దమయంతి ఆ పైన కొండల్లో నర్సు. పసిపిల్లలకి టీకాలు వెయ్యడం, గర్భిణులని చూడడం ఆవిడ పని. మనిషి పొట్టి, పట్టుదల మాత్రం పొడుగు. ఆవిడ వెళ్ళే ఊళ్ళకి బస్సు లేదు, జీపు సగం దారిలో దింపేస్తుంది. అందుకే బండి అవసరం వచ్చింది. అవసరం ఆవిడది, ఎంపిక ఆయనది. మనుషుల్లో ఈ ఏర్పాటు మామూలేనని తరవాత తెలిసింది.

అనకాపల్లి షోరూములో త్రినాథ్ చూడని బండి లేదు. స్కూటర్ని చూసి "ఇది గుండ్రాళ్ళ మీద నిలబడదు" అన్నాడు. పెద్ద బండిని చూసి "గెడ్డలో పడితే లేపడానికి నలుగురు కావాల" అన్నాడు. వాళ్ళ వైపు కొండవాగుని గెడ్డ అంటారు. అందరూ వాడే చిన్న బండి దగ్గర కాసేపు ఆగాడు. అది ఎత్తు తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది, బరువూ తక్కువే. దమయంతి చెయ్యి దాని హ్యాండిల్ మీద పడడం నేను చూశాను. ఈలోగా సేల్స్ కుర్రాడు ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చి, "ఊళ్ళో అయితే ఊరి బండి సార్, కొండ మీద అయితే కొండ బండి" అన్నాడు. త్రినాథ్ నా మీద ఎక్కాడు. రెండు కాళ్ళూ నిక్షేపంగా నేలకి ఆనాయి. అంతే, ఆయన కళ్ళలో ఆదివారాలన్నీ ఒక్కసారి మెరిసిపోయాయి.

ముహూర్తం దాటిపోతోందని తొందర. ఘాటు రోడ్డెక్కి పాడేరులో మోదకొండమ్మ గుడి ముందు నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, మెడలో మిరపకాయల దండ కట్టారు, పసుపు పూసి బొట్టు పెట్టారు. నా క్షేమం కోసం అంత చేసినవాళ్ళకి, నడపాల్సిన ఆవిడని ఒక్కసారి నా మీద కూర్చోబెట్టి చూద్దామని మాత్రం తోచలేదు. ఇంటికొచ్చాక ఆవిడే ఎక్కింది. ఎక్కి, కింద చూసుకుని, నెమ్మదిగా అంది.

"మావా, నా కాళ్ళు గాల్లో ఉన్నాయి."

"అలవాటైపోద్దిలే" అన్నాడు త్రినాథ్. కాళ్ళు పొడుగవడం అలవాటయ్యే సంగతి కాదని ఆయనకి తోచలేదు కాబోలు. ఆ మాట అంటుండగానే మేమిద్దరం పక్కకి ఒరిగి పడ్డాం. ఆవిడ మోచెయ్యి చీరుకుంది. నా అద్దం పగిలింది.

ఆ తరవాత ఒక రాజీ కుదిరింది. పొద్దున్నే ఆయన ఆవిడని పైన దింపి, వెనక్కొచ్చి ఆఫీసుకి పోతాడు. సాయంత్రం మళ్ళీ తీసుకొస్తాడు. ఆదివారం నన్ను స్నేహితులతో జలపాతాలకీ, అడివి దారులకీ తోలుకుపోయి బురదలో ముంచి తెస్తాడు. ఆరు రోజులు ఉద్యోగం, ఏడో రోజు వినోదం. వినోదం ఆయనకి, నాకు అదీ ఉద్యోగమే. ఎద్దుకైనా ఏరువాక అయ్యాక కాస్త తీరిక దొరుకుతుంది. నాకు అదీ లేదు.

అసలు చిక్కు రెండో శనివారంతో వచ్చింది. ఆ రోజు ఆయన ఆఫీసుకి సెలవు. ఆ రోజే దమయంతి పై ఊళ్ళలో టీకాలు వెయ్యాలి. ముందు పనసపుట్టు, ఆ పైన గెడ్డ దాటి నేరేడుపుట్టు. సెలవు కాబట్టి ఆయనే ఆవిడని తిప్పాలని ఒప్పందం. ఒక రెండో శనివారం విశాఖపట్నం నించి ఆయన స్నేహితులు పెద్ద పెద్ద బళ్ళేసుకుని దిగారు. త్రినాథ్ దమయంతిని టీకాల పెట్టెతో పనసపుట్టులో దింపి, "ఒక్క గంటే. ఈళ్ళకి జలపాతం దారి సూపించి వొచ్చీస్తాను" అన్నాడు.

జలపాతం దగ్గర ఒకాయన బండి ఊబిలో దిగబడింది. దాన్ని లాగడానికి నన్ను కట్టారు. లాగాక ఫొటోలు తీసుకున్నారు. ఫొటోలయ్యాక ఇంకో దారి ఉందన్నారెవరో. గంట అనే మాటకి సరదాలో ఉన్న మనిషి దగ్గర కొలత ఉండదు.

అక్కడ పనసపుట్టులో దమయంతి తట్టు టీకా మందు కలిపి పిల్లలకి వేసింది. ఆ రోజుకి ఇచ్చిన సీసా ఒక్కటే. కలిపిన మందు కొన్ని గంటలే పనికొస్తుంది, ఆ పైన పారబొయ్యాలి. మిగిలినది నేరేడుపుట్టు పిల్లలకి. ఆవిడ దారి కేసి చూసి చూసి, చివరికి పెట్టె భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. గెడ్డ దాటి, కొండెక్కి వెళ్ళేసరికి పొద్దు వాలిపోయింది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు. ఆవిడ పొద్దుటి నించీ కూర్చున్న తల్లుల ఎదుటే సీసా పక్కన పెట్టేసి, పెట్టె మూసింది. ఇదంతా ఆ సాయంత్రం ఆవిడ త్రినాథ్‌తో చెబుతుండగా విన్నాను. చెబుతున్నప్పుడు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కొంచెం తేలిగ్గా ఉండేది.

"సీదరి చిలకమ్మ ఏటందో తెలుసా మావా? నీ మందుకి గడియారం ఉంది, మా పనికి లేదేటి సిస్టరమ్మా, అంది. పోడు పని మానుకుని కూకున్నాదట."

మళ్ళీ నెల రాకముందే నేరేడుపుట్టులో తట్టు వచ్చింది. చిలకమ్మ కొడుక్కి గట్టిగా వచ్చింది. పిల్లాడు బతికాడు గాని ఒక కన్ను మసకబారిపోయింది. ఆ తరవాత దమయంతి వెళ్తే ఆ ఊళ్ళో తలుపులు మూసుకున్నాయి. చిలకమ్మ తలుపు అన్నిటికంటే ముందు మూసుకుంది. వేళకి రాని మనిషిని నమ్మి పిల్లల్ని ఎందుకు తేవాలి? ఆ ప్రశ్నలో నాకు తప్పేమీ కనబడలేదు.

ఆ కబురు తెలిసిన రోజు త్రినాథ్ అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. మర్నాడు నన్ను సత్యం దగ్గరికి తీసుకొచ్చి సీటులో ఉన్న మెత్తన అంతా కోయించాడు. అయినా ఆవిడ కాలు నేలకి జానెడు దూరంలోనే ఆగింది. ఆయన నా వెనక పట్టుకుని సంత బయలంతా పరిగెత్తాడు. ఆవిడ ఎన్నిసార్లు పడిందో, ఆయన ఎన్నిసార్లు లేపాడో ఊరంతా చూసి నవ్వింది. పదిరోజులకి నడపడం వచ్చింది. ఆపడం మాత్రం రాలేదు. కాలు ఆనకుండా ఆపేదెలా?

దానికి ఆవిడే ఉపాయం కనిపెట్టింది. ఎడమ పక్కన రాయి ఉన్న చోటే ఆపుతుంది. రాయి మీద కాలు వేసి దిగుతుంది. మళ్ళీ అదే రాయి మీద నించి ఎక్కుతుంది. ఆ కొండ దారిలో కాలుకి పనికొచ్చే రాళ్ళన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. ఒకసారి పనసపుట్టు మధ్యలో రాయి లేక, ఆపలేక, ఊరు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయించింది నన్ను. కోళ్ళూ మేకలూ పరుగులు. "దేవుడి ఉత్సవమేటమ్మా ఇది?" అని ముసలమ్మలు పడీ పడీ నవ్వారు. మళ్ళీ నెలకి అక్కడ ఒక చదునైన బండరాయి దొర్లించి పెట్టి ఉంది. ఎవరు పెట్టారో అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆ తరవాత దారిలో ఉన్న ఊరూరా ఒక రాయి వెలిసింది.

నేరేడుపుట్టులో మాత్రం ఎవరూ రాయి పెట్టలేదు. ఆవిడ నన్ను మట్టిగట్టుకి ఆనించి దిగేది. పెట్టె అరుగు మీద పెట్టుకుని కూర్చునేది. ఈ ఊరు చేరాకే సీసా తెరవాలని ఆవిడ నియమం, అందుకని ఈ ఊరికని విడిగా ఒక సీసా అడిగి మరీ తెచ్చేది. వానైనా ఎండైనా రెండో శనివారం తప్పలేదు. కొన్నాళ్ళకి ఇద్దరు తల్లులు వచ్చారు. ఇంకొన్నాళ్ళకి మరో ముగ్గురు. చిలకమ్మ రాలేదు. ఆవిడకి ఆడపిల్ల పుట్టిందని తెలిసి దమయంతి ఇంటిదాకా వెళ్తే, లోపల ఉయ్యాల ఊగుతూనే ఉంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ రోజు తిరుగు దారిలో ఆవిడ ఏడ్చింది. నడుపుతూ కళ్ళు తుడుచుకోవడం కుదరదు కాబట్టి అలాగే వదిలేసింది.

నా ఒళ్ళు మెల్లగా అరిగిపోయింది. మూడు వానాకాలాలు గెడ్డలో దిగాను. ఆదివారాల బురద సరేసరి. ఇంజను నూనె తాగడం మొదలుపెట్టింది, సైలెన్సర్‌కి చిల్లి పడింది, ఎక్కుడు దారి వస్తే కొండంతా దద్దరిల్లేలా అరిచేదాన్ని. గుర్రం గుడ్డిదైనా దానాలో తక్కువ లేదని సత్యం నన్ను వెక్కిరించేవాడు. "ఈ బండి ఇంక ఆపియ్యండి బాబూ" అని త్రినాథ్‌తో అన్నాడు. ఆపడానికి ఆయన సగమే ఒప్పుకున్నాడు. ఆదివారాలు మానేసి, మిగిలిన ఊపిరంతా ఆవిడకే వదిలేశాడు. మనుషులు అప్పుడప్పుడు ఇలాంటివి కూడా చేస్తారు, పొరపాటున.

ఆ ఆషాఢంలో రెండో శనివారం సన్నగా జల్లు పడుతోంది. గెడ్డ దాటాం. నేరేడుపుట్టు ఎక్కుడులో సగం దూరం పోయాక నా కడుపులో ఏదో పట్టేసింది. ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయాను. వెనక చక్రం బిగుసుకుపోయింది. రాయి లేదు, గట్టు లేదు. ఇద్దరం పడ్డాం. ఆవిడ ముందు పెట్టెని చూసుకుంది, తరవాత మోకాలు చూసుకుంది. నిలబడితే కాలు ఆనలేదు, ఈసారి నొప్పికి. ఫోను సిగ్నల్ లేని చోటు. ఆవిడ నా పక్కనే బురదలో కూలబడి, "ఈ నెల కూడానా" అంది. ఎవరితో అందో తెలీదు. వేళ దాటిపోతోంది. రాదనుకుంటారు. ఇంతకాలం ఒక్కొక్క తలుపూ తెరిపించుకున్న నమ్మకం మళ్ళీ మొదటికొస్తుంది. నేను కదిలితే బాగుండునని ఆ క్షణంలో ప్రాణమంతా పెట్టి కోరుకున్నాను. ఇనపముక్కని, ఏం చెయ్యగలను?

కాసేపటికి పైనించి మాటలు వినబడ్డాయి. అడ్డాకులతో కుట్టిన గొడుగులు పట్టుకుని, చంటిపిల్లల్ని గుడ్డలో వీపుకి కట్టుకుని ఆడవాళ్ళు దిగి వస్తున్నారు. ముందు నడుస్తున్నది చిలకమ్మ. వీపున ఆడపిల్ల ఉంది.

"ఏటయిపోనాది సిస్టరమ్మా?" అంది చిలకమ్మ. "నీ బండి గెడ్డ దాటిన సప్పుడు ఇన్నాం. ఎక్కుడు మొదలెట్టిన సప్పుడూ ఇన్నాం. సగంలో ఆగిపోనాది. నువ్వు ఆగిపోయే మనిసివి కావని దిగొచ్చాం."

ఆవిడ వీపు మీది గుడ్డ విప్పి పిల్లని ముందుకి తిప్పుకుంది. దమయంతి పెట్టె ఒళ్ళో పెట్టుకుని, గొడుగుల కింద సీసా తెరిచింది. పిల్ల గొంతు చించుకుని ఏడ్చింది. తరవాత మిగతావాళ్ళు వరసలో వచ్చారు.

మూడేళ్ళు ఆ ఎక్కుడులో అరుచుకుంటూ పోయాను. మూసిన తలుపుల వెనక నా అరుపు కోసం చెవులు పెట్టుకుని ఉన్నారని నాకు తెలీదు. తెలిస్తే ఇంకొంచెం ఓపిక పట్టేదాన్నేమో. పట్టేదాన్ని కానేమో కూడా. అరిగిన పిస్టనుకి ఉత్సాహంతో పనేముంది?

పని అయ్యాక చిలకమ్మ వంగి, నా ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూసింది, జ్వరం చూసినట్టు.

"ఇది మళ్ళీ లేస్తాదా?"

"లేవదు చిలకమ్మా. అయిపోయింది దీని పని."

చిలకమ్మ పిల్లని మళ్ళీ వీపుకి కట్టుకుంటూ దిగులుగా అడిగింది.

"మరి నువ్వొత్తన్నావని మాకెలగ తెలుస్తాది?"

దమయంతి ఆవిడ భుజం పట్టుకుని లేచింది. చిలకమ్మ ఆవిడ బరువు తన మీద వేసుకుని, పెట్టె ఇంకొకరికి అందించి, నెమ్మదిగా ఊరి వైపు నడిపించుకుపోయింది. నన్ను అక్కడే వానలో వదిలేశారు. నాకు అదే బాగుంది.